ఎవరి కోసమూ కాని పాట

అయిదు రంధ్రాలున్న వెదురు గొట్టం. తాళం లేదు, తంబూరా లేదు, పక్కవాద్యం లేదు. ఒకప్పుడు జపాన్ భిక్షువులు ధ్యానంగా ఊదుకున్న షకుహాచి ఇవాళ కచేరీ వేదికలెక్కింది, సినిమాల్లో చేరింది, అంతరిక్ష నౌకలోనూ ప్రయాణిస్తోంది. వినేవాళ్లతో పనిలేని ఒంటరి సంగీతం ఇంతమందిని ఎలా చేరింది? చేరే దారిలో ఏం పోగొట్టుకుంది, ఏం నిలబెట్టుకుంది?

1977లో నాసా పంపిన రెండు వాయేజర్ నౌకల్లోనూ బంగారు పూత పూసిన రాగి రికార్డు ఒక్కోటి ఉంది. భూమ్మీద సంగీతమంటే ఇదీ అని చెప్పడానికి ఏరి కూర్చిన 27 ముక్కలు అందులో ఉన్నాయి. బాఖ్ ఉన్నాడు, బీథోవెన్ ఉన్నాడు. మన దేశం నుంచి కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి ఉంది. జపాన్ వాటాకు వచ్చింది మాత్రం ఒక మనిషి, ఒక వెదురు గొట్టం. గోరో యమగుచి వాయించిన ‘త్సురు నో సుగొమొరి’. గూడు కట్టుకున్న సారసపక్షుల పాట. నిడివి అయిదు నిమిషాలకు కాస్త తక్కువ. పక్కన మరే వాద్యమూ లేదు.

వాయేజర్-1 2012లో సూర్యుడి గాలులు వీచే మేర దాటి నక్షత్రాల మధ్య ప్రదేశంలోకి వెళ్లిపోయింది. అక్కడ ఆ రికార్డు పెట్టుకుని వినేవాళ్లు ఉన్నారో లేరో ఎవరూ చెప్పలేరు. ఈ పాటకు మాత్రం ఆ బెంగ లేదు. ఎదురుగా ఎవరైనా కూర్చున్నారా, మెచ్చుకున్నారా అన్న ఆలోచనే లేకుండా వాయించిన సంగీతంలోంచి వచ్చింది అది. మన దగ్గర కచేరీ చేసేవారికి సభ ముఖ్యం, భజన చేసేవారికి దేవుడు ముఖ్యం. షకుహాచి ఊదిన భిక్షువుకు ముఖ్యమైనవి రెండే: పీల్చిన ఊపిరి, వదిలిన ఊపిరి. ఆ వెదురు ఎలాంటిదో ముందు చూస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది.

వేరుతో సహా తవ్వి...

షకుహాచి అన్న పేరు దాని పొడవే. ఒక షకు, ఎనిమిది సున్‌లు. మన లెక్కలో 54.5 సెంటీమీటర్లు. ఇంతకన్నా పొట్టివీ ఉన్నాయి, దీనికి రెట్టింపు దాకా సాగేవీ ఉన్నాయి. ఎక్కువమంది చేతిలో కనిపించేది మాత్రం ఇదే.

మదాకె జాతి వెదురును చలికాలంలో, మొదలు దగ్గర నరకకుండా, నేలలోంచి వేరుతో సహా తవ్వి తీస్తారు. వేళ్లు కత్తిరించేస్తే ఆ చోట గుండ్రటి మచ్చలు మిగులుతాయి. లావుగా, కాస్త వంపు తిరిగిన ఆ వేరు భాగమే వాద్యానికి కింది కొస. పచ్చి గడను బొగ్గుల మీద కాస్తే లోపలి నూనె చెమటలా బయటికి వస్తుంది. దాన్ని గుడ్డతో తుడిచేసి ఎండలో పెడతారు. ఆకుపచ్చ పోయి లేత గోధుమ రంగు వచ్చాక ఓ మూలన ఏళ్ల తరబడి ఆరనిస్తారు. తొందరపడితే తర్వాత పగుళ్లు తేలతాయి. బాగా ఆరిన గడకు కూడా పొడిగాలి పడదు. అందుకే వాయించేవాళ్లు తేమ పోకుండా చుట్టి దాచుకుంటారు. పగిలినా పారేయరు, పగులు మీద దారం బిగించి కట్టి మళ్లీ ఊదుతారు.

కణుపులు తొలిచి, ముందువైపు నాలుగు, వెనక బొటనవేలికి ఒకటి, మొత్తం అయిదు రంధ్రాలు పెడతారు. పై కొసను ఏటవాలుగా చెక్కి, ఆ అంచు అరిగిపోకుండా గేదె కొమ్ము ముక్క పొదుగుతారు. ఆ ముక్క ఆకారం చూసి వాద్యం ఏ సంప్రదాయానిదో చెప్పేయొచ్చు. నేటి వాద్యాల్లో చాలావాటికి లోపలి గోడకు ఉరుషి చెట్టు జిగురు, మెత్తటి మట్టిపొడి కలిపి పూత పూస్తారు. ఆ పూత ఎక్కడ ఎంత మందంగా ఉందన్న దాని మీదే స్వరం కుదరడం, కుదరకపోవడం. పూత అక్కర్లేదు, వెదురు ఎలా ఉంటే అలాగే ఊదుతామనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గరికి తర్వాత వద్దాం.

మన వేణువును అడ్డంగా పట్టుకుంటాం. గొట్టం పక్కన తొలిచిన రంధ్రంలోకి ఊదుతాం. షకుహాచిని నిలువుగా పట్టి, తెరిచిన పై కొసను కింది పెదవి కింద ఆనించి, ఎదుటి అంచు మీదికి గాలి వదులుతారు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే హూమ్మని శబ్దం వస్తుంది చూడండి, సూత్రం అదే. గాలి అంచుకు ఏ కోణంలో తగలాలన్నది పూర్తిగా పెదవి, మెడ చేతిలో ఉంటుంది. కొత్తగా పట్టినవారికి తొలి రోజు గాలి తప్ప స్వరం రాకపోవడం మామూలే.

అన్ని రంధ్రాలూ మూస్తే వచ్చే స్వరం ‘రో’. ఒక్కో వేలు ఎత్తుకుంటూ పోతే త్సు, రె, చి, రి. ‘రో’ను షడ్జం అనుకుంటే ఈ అయిదూ మనకు బాగా తెలిసినవే. శుద్ధ ధన్యాసి స్వరాలవి. కానీ భిక్షువుల పాటలు అక్కడ ఆగవు. రంధ్రాన్ని వేలితో సగం కప్పి, గడ్డం కిందికి దించితే స్వరం అర మెట్టు, ఒక మెట్టు, ఇంకా కిందికి దిగుతుంది. దీన్ని మెరి అంటారు. గడ్డం పైకెత్తి స్వరం పెంచడం కరి. మెరి స్వరాలు కలిశాక పాట రంగు మారిపోయి, హిందుస్థానీ గుణకళి విన్నవారికి ఎక్కడో పరిచయమున్నట్టు తోస్తుంది.

అసలు విశేషం ఇక్కడే ఉంది. తెరిచిన రంధ్రం స్వరం నిండుగా మోగుతుంది. గడ్డం దించి పట్టిన స్వరం సన్నగా, మసకగా, గాలి కలిసి వస్తుంది. మన వేణు గురువైతే ‘నాదం నిలబడలేదు, మళ్లీ పట్టు’ అంటారు. ఇక్కడ ఆ నిండుకూ ఈ మసకకూ మధ్య ఉన్న తేడాలోనే పాట ప్రాణం ఉంది. స్వరాలన్నీ ఒకే బలంతో పలికిస్తే పాట శ్రుతిలోనే ఉంటుంది కానీ షకుహాచి పాట కాకుండా పోతుంది. గమకం మనకు వేళ్లలో ఉంటే వీళ్లకు మెడలో ఉంది. మెడ ఊపడానికి మూడేళ్లు, ‘కొరో’ పలికించడానికి ఎనిమిదేళ్లు అని జపాన్‌లో ఓ సామెత కూడా ఉంది.

బుట్టటోపీ భిక్షువులు

ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో చైనా నుంచి జపాన్ రాజాస్థానానికి ఆరు రంధ్రాల షకుహాచి వచ్చింది. నారా నగరంలోని షోసోయిన్ ఖజానాలో అప్పటివి ఎనిమిది ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఆస్థాన సంగీతంలో అది నిలవలేదు. ఆ తర్వాత ఒకే కణుపున్న పొట్టి వేణువు హితొయొగిరి వాడుకలోకి వచ్చింది. మనం ఇప్పుడు చూస్తున్న లావుపాటి అయిదు రంధ్రాల వెదురు కథ ఎదో యుగంలో, అంటే 1603 నుంచి 1868 దాకా సాగిన తొకుగవా పాలనలో మొదలవుతుంది.

యుద్ధాలు ముగిశాయి. ప్రభువును పోగొట్టుకున్న సమురాయ్‌లు వేల సంఖ్యలో రోడ్డున పడ్డారు. వారిలో కొందరు ఫుకె అనే జెన్ శాఖలో చేరి కొముసోలయ్యారు. కొముసో అంటే శూన్య భిక్షువు. ముఖం మొత్తం కప్పేసే బుట్టటోపీ, మెడలో జోలె పెట్టె, చేతిలో షకుహాచి. ఇంటింటి ముందూ నిలబడి ఊదేవారు, పెట్టింది పుచ్చుకునేవారు. టోపీ లోపల ఎవరున్నారో బయటివారికి తెలిసే వీల్లేదు. గూఢచారులు ఆ వేషంలో తిరిగేవారన్న కథలు అందుకే పుట్టాయి.

ఈ శాఖ తన మూలాన్ని తొమ్మిదో శతాబ్దపు చైనాలో ఫుకె అనే భిక్షువు దగ్గర చూపుకుంటుంది. ఆయన గంట మోగిస్తూ వీధుల్లో తిరిగేవాడట. శిష్యుడిగా చేర్చుకోమని వచ్చిన ఒకతను, కాదనిపించుకుని, ఆ గంట శబ్దాన్ని వెదురులో పలికించడం నేర్చుకున్నాడట. తరాలు గడిచాక, పదమూడో శతాబ్దంలో చైనా వెళ్లిన జపాన్ భిక్షువు కకుషిన్ ఆ పాటను వెంట తెచ్చాడట. 1795లో అచ్చయిన ఓ పుస్తకం ఈ కథను విస్తారంగా చెప్పింది. చరిత్రకారులు దీన్ని నమ్మరు. కొముసోలకు దేశమంతా తిరిగే హక్కు ఇచ్చిందని చెప్పే 1614 నాటి తొకుగవా ఇయెయాసు ఫర్మానాను కూడా దొంగపత్రమనే అంటారు. పత్రం దొంగదైనా పని జరిగింది. రెండు శతాబ్దాలకు పైగా షకుహాచి ధర్మంగా తమకే చెందుతుందని కొముసో ఆలయాలు వాదించాయి, చాలావరకు నెగ్గించుకున్నాయి.

వారికది సంగీత వాద్యం కాదు, ధ్యాన పరికరం. కూర్చుని చేసే ధ్యానం జజెన్ అయితే, ఊదుతూ చేసేది సుయ్‌జెన్. ఒక్క స్వరం సరిగ్గా ఊదగలిగితే అదే జ్ఞానోదయమన్నది వాళ్ల నమ్మకం. ఈ నమ్మకం కోసం కట్టిన పాటల్నే హోంక్యోకు అంటారు. ఈ వాద్యానికి స్వంతమైన, ఒక్కరే ఊదుకునే పాటలు.

ఊపిరే ఆవర్తం

హోంక్యోకులో తాళం వేయడానికి చేయి ఎత్తితే దించే చోటు దొరకదు. ఒక ఊపిరి ఒక పలుకు. ఊపిరి అయిపోతే పలుకు అయిపోతుంది. మళ్లీ నిండుగా గాలి పీల్చుకునేదాకా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కూడా పాటలో భాగమే, హడావిడిగా పూడ్చాల్సిన ఖాళీ కాదు. ఒకే మనిషి ఒకే పాటను నిన్న ఎనిమిది నిమిషాలు ఊది, ఇవాళ పది నిమిషాలు ఊదితే తప్పేమీ లేదు.

స్వరం మొదలుపెట్టే పద్ధతీ వేరు. పాశ్చాత్య ఫ్లూట్‌లో ‘తు’ అని నాలుక కొట్టి స్వరం ఎత్తుకుంటారు. ఇక్కడ నాలుక పని తక్కువ. ఒకే స్వరం రెండుసార్లు రావాలంటే వేలితో రంధ్రాన్ని తాకించి విడగొడతారు. గాలిని ఒక్కసారిగా విసిరి, స్వరం కన్నా గాలి శబ్దమే ఎక్కువ వినిపించేలా ఊదడం మురయికి. గొంతులోంచో నాలుక కొసతోనో గాలిని వణికించడం తమనె. ఉత్తరాన హిరొసాకి ప్రాంతపు కింపు సంప్రదాయంలో ఊపిరిని అలలు అలలుగా నెట్టే కొమిబుకి ఉంది. కొత్తగా విన్నవారికి ఇది ఊపిరాడకపోవడమా అనిపించేంత వింతగా ఉంటుంది.

పాటల రాతప్రతులు కూడా దీనికి తగ్గట్టే ఉంటాయి. రో, త్సు, రె అక్షరాలు పై నుంచి కిందికి, కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఆ అక్షరం చెప్పేది ఏ స్వరం అని కాదు, ఏ వేళ్లు అని. పొడవైన షకుహాచి మీద అదే ‘రో’ ఇంకా మంద్రంగా వస్తుంది. ఎంతసేపు ఆగాలి, ఎంత గాలి కలపాలి అన్నవి గురువు ముందు కూర్చుని పట్టుకోవాల్సిందే. దాంతో ఒకే పేరున్న పాట ఒక్కో ఆలయంలో ఒక్కోలా తయారైంది. త్యాగరాజ కీర్తనకు ఉమయాళ్‌పురం పాఠం, వాలాజాపేట పాఠం ఉన్నట్టే ‘కొకు’కూ ‘సన్యా’కూ ‘రెయిబో’కూ ఊరికో పాఠాంతరం ఉంది.

పద్దెనిమిదో శతాబ్దంలో ఈ పాటల్ని ఒకచోట చేర్చినవాడు కురొసవా కింకో. 1710లో పుట్టాడు, 1771లో పోయాడు. ఫుకుఓకా ప్రాంతపు కురొదా సంస్థానానికి చెందిన సమురాయ్. ఆలయాలు తిరిగి భిక్షువుల దగ్గర నేర్చుకుని, 36 పాటలు ఒక వరుసలో పెట్టాడు. ఎదో నగరం చుట్టుపక్కల ఉన్న ఇచిగెత్సుజి, రెయిహోజి ఆలయాల్లో నేర్పాడు. ఇవాళ్టికీ బలంగా ఉన్న కింకో సంప్రదాయం ఆయన పేరు మీదే నడుస్తోంది. సామాన్య గృహస్థులు చాటుమాటుగా వచ్చి నేర్చుకోవడం కూడా అప్పటికే మొదలైంది. ఎవరి కోసమూ కాని పాటకు వినేవాళ్లు మెల్లగా పోగవుతున్నారు.

సారసపక్షుల గూట్లో

వాయేజర్ ఎక్కిన పాట దగ్గరికి మళ్లీ వద్దాం. ‘త్సురు నో సుగొమొరి’కి భిన్న పాఠాలున్నా కథ అందరిదీ ఒకటే. జంట సారసాలు గూడు కడతాయి, పిల్లల్ని పొదుగుతాయి, సాకుతాయి. రెక్కలొచ్చిన పిల్లలు ఎగిరిపోతాయి. బిడ్డల కోసం ప్రాణమైనా ఇచ్చే పక్షిగా జపాన్ సాహిత్యంలో సారసానికి పేరు. హోంక్యోకుల్లో చాలావాటికి కథ ఉండదు. గంట శబ్దం, ఆకాశం, లోయ లాంటి పేర్లుంటాయి అంతే. ఈ పాట అందుకు మినహాయింపు. అందుకేనేమో కొత్తగా వినేవారికి తొందరగా అందుతుంది.

కథ చెప్పడానికి మాటలు లేవు, పనితనమే ఉంది. కింది రెండు రంధ్రాల మీద వేళ్లను ఒకదాని తర్వాత ఒకటి చకచకా ఆడిస్తే గొంతులో నీళ్లు పోసి పుక్కిలించినప్పటి దొర్లుడు వినిపిస్తుంది. సామెతలో చెప్పిన ‘కొరో’ ఇదే. గూట్లో పక్షులు ఒకదానితో ఒకటి పలకరించుకోవడం అలా వస్తుంది. రెక్కల అదురుకు తమనె. ఒకే స్వరాన్ని పట్టుకుని మెడను మెల్లగా అడ్డంగా ఊపితే స్వరం కదులుతుంది. ఆ ఊపు వేగం పెరిగి, తగ్గి, పూర్తిగా ఆగిపోయిన చోట స్వరం నిటారుగా నిలబడుతుంది. యమగుచి దాన్ని ఎక్కడా నాటకీయం చేయడు. పక్షి గొంతును అనుకరించాలని తాపత్రయపడడు. ఒక్కో పలుకూ దాని ఊపిరి పొడవునా సాగి సన్నగిల్లుతుంది, ఆ తర్వాతే తర్వాతిది.

1933లో పుట్టిన యమగుచి గురుపరంపరలోంచి వచ్చినవాడు. తండ్రి షిరో యమగుచీ విద్వాంసుడే. 1960ల చివర అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో నేర్పుతున్నప్పుడు ఆయన రికార్డు చేసిన రెండు పాటల ఆల్బమ్ 1969లో వచ్చింది. వాయేజర్‌కు పాట అందులోంచే వెళ్లింది. 1992లో జపాన్ ప్రభుత్వం ఆయన్ను ‘సజీవ జాతీయ నిధి’గా గుర్తించింది. 1999లో కన్నుమూశాడు.

ఆలయం మూతపడ్డాక

తొకుగవాల తర్వాత వచ్చిన మెయిజి ప్రభుత్వం 1871లో ఫుకె శాఖను రద్దు చేసింది. కొముసోల భిక్షాటన హక్కులన్నీ ఒక్కసారిగా పోయాయి. ధ్యాన పరికరానికి ధర్మం పోయింది. మిగిలింది వాద్యమే. యొషిదా ఇచ్చో, అరాకి చికుఓ లాంటి కింకో విద్వాంసులు ప్రభుత్వానికి మొరపెట్టుకుని, కనీసం సంగీత వాద్యంగానైనా దాన్ని బతకనిమ్మన్నారు. కోతో, షమిసెన్ తంత్రీవాద్యాలతో కలిసి ఇళ్లలో, వేదికల మీద వాయించడం షకుహాచికి అన్నం పెట్టింది. ఒంటరి పాట గుంపులో చేరింది.

ఒసాకాలో 1896లో నకావో తొజాన్ కొత్త సంప్రదాయం ప్రారంభించాడు. ఆలయాల పాటల్ని పక్కన పెట్టి, తన పాటలు తానే కట్టుకున్నాడు. రాతపద్ధతిని తేలిక చేశాడు, లయను స్పష్టంగా గుర్తించాడు, పరీక్షలు పెట్టి పట్టాలిచ్చాడు. ఊరూరా తొజాన్ శాఖలు వెలిశాయి. జపాన్‌లో ఇవాళ ఎక్కువమంది చేరే సంప్రదాయాల్లో ఇదొకటి. ‘కొగరాషి’ లాంటి ఆయన ఏకవాద్య రచనల్లో చలికాలపు ఈదురుగాలి పాశ్చాత్య సంగీతపు ఎత్తుపల్లాలతో వీస్తుంది. శుద్ధ సంప్రదాయవాదులు పెదవి విరిచారు. వినేవాళ్లు మాత్రం పెరిగారు.

అదే కాలంలో క్యోటోలో హిగుచి తైజాన్ పాత దారి విడవలేదు. తొఫుకుజి ఆలయ ప్రాంగణంలోని మ్యోఆన్‌జి కేంద్రంగా, ఊదడం ధ్యానమేనన్న పట్టుతో శిష్యుల్ని తయారుచేశాడు. ఉత్తరాది నుంచి వచ్చిన జిన్ న్యోదో (1891-1966) వేర్వేరు ఆలయాల పాటలన్నీ వెతికి నేర్చుకుని, శాఖల గోడలు దాటించి తర్వాతి తరానికి అందించాడు. ఈ ఇద్దరే లేకపోతే ఇవాళ మనం వింటున్న హోంక్యోకుల్లో చాలా భాగం పేర్లుగానే మిగిలేవి. చిత్రకారుడు అఒకి షిగెరు కొడుకైన ఫుకుదా రందో మూడో దారి పట్టాడు. పాటలాంటి మెత్తటి వరుసలతో చిన్న చిన్న ఏకవాద్య రచనలు చేశాడు. రేడియో తరం షకుహాచిని ఇష్టపడింది ఆయన వల్లే.

పచ్చి వెదురు, కొత్త వేదిక

వతజుమి దోసో (1911-1992) దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. లోపల పూత వేసిన చక్కటి వాద్యం ఆయనకు నచ్చలేదు. కణుపులు తొలిచి, రంధ్రాలు పెట్టిన మొరటు వెదురును చేతపట్టి, దాన్ని షకుహాచి అనడం కూడా మానేసి హొచ్చికు అన్నాడు. కొన్ని గొట్టాలు ఎంత పొడవంటే వేళ్లు అందడమే గగనం. రోజూ పొద్దున్నే కర్రసాము చేసి, ఆ తర్వాత వెదురు పట్టేవాడు. తాను చేసేది సంగీతం కాదని, ఒంటికి కసరత్తని చెప్పేవాడు. అలా చెప్పిన మనిషి ఊదిన పాటలు రికార్డులుగా వచ్చి ప్రపంచమంతా చేరడం తమాషాయే.

ఆయన శిష్యుడు యొకొయామా కత్సుయా (1934-2010). ఫుకుదా రందో దగ్గర సుకుమారం, వతజుమి దగ్గర మొరటుతనం నేర్చుకున్నవాడు. 1967 నవంబర్ 9న న్యూయార్క్‌లో తొరు తకెమిత్సు రచన ‘నవంబర్ స్టెప్స్’ తొలి ప్రదర్శన జరిగింది. సెయిజి ఒజావా నిర్వహణలో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఒకవైపు, షకుహాచితో యొకొయామా, బివా అనే తంత్రీవాద్యంతో త్సురుతా కిన్షి ఇంకోవైపు. రెంటినీ కలిపి పాకం పట్టాలని తకెమిత్సు చూడలేదు. ఇవి రెండు వేర్వేరు లోకాలని చూపించడమే ఆయన ఉద్దేశం. రచన చివరి భాగంలో ఆర్కెస్ట్రా పక్కకు తప్పుకుంటుంది. జపాన్ వాద్యాలు రెండే చాలాసేపు వాయిస్తాయి. ఆ భాగానికి మామూలు స్వరలిపి లేదు, గీతలూ గుర్తులూ ఉన్నాయి. ఊపిరిని కాగితం మీద గడులుగా కొయ్యడం కుదరదని ఆయనకు తెలుసు.

దానికి మూడేళ్ల ముందే, 1964లో, మకొతో మొరొయి ఏకవాద్య షకుహాచికి అయిదు భాగాల ‘చికురయి గోషో’ రాశాడు. భిక్షువుల పాటలు తెలియని ఆధునిక స్వరకర్తలకు ఇదో కొత్త ద్వారమైంది. మురయికి, తమనె, మెరి లాంటి పాత పనితనాల్నే తీసుకుని, కథా ప్రార్థనా లేని కొత్త నిర్మాణంలో పేర్చాడు. షకుహాచి ఊదే తీరు పాశ్చాత్య ఫ్లూట్‌నూ మార్చేసింది. కజుఓ ఫుకుషిమా 1962లో ఫ్లూట్‌కు రాసిన ‘మెయి’, తకెమిత్సు 1971లో రాసిన ‘వాయిస్’ వింటే ఆ లోహపు గొట్టంలో వెదురు గాలి స్పష్టంగా తెలుస్తుంది. స్వరంలో గాలి కలవడం దోషమని అంతదాకా నేర్చుకున్న ఫ్లూట్ విద్యార్థులు ఇప్పుడు అదే గాలిని సాధన చేస్తున్నారు.

ఇలాంటి ఆధునిక రచనల్లో కొన్ని నిలిచాయి, కొన్ని పోయాయి. నిలిచినవాటిని గమనిస్తే ఒక సంగతి కనిపిస్తుంది. షకుహాచిని ‘జపాన్ వాసన’ కోసం వాడుకున్నవి త్వరగా పాతబడ్డాయి. ఒక ఊపిరి పట్టే నిడివిని, స్వరాల నిండు-మసక తేడాను ఒప్పుకుని రాసినవి బతికున్నాయి.

యమమొతో హోజాన్ (1937-2014) ఇంకో దిక్కుకు నడిచాడు. 1964లో క్లారినెట్ విద్వాంసుడు టోనీ స్కాట్‌తో కలిసి ‘మ్యూజిక్ ఫర్ జెన్ మెడిటేషన్’, 1970లో పియానిస్టు మసబుమి కికుచితో ‘గింకయి’ జాజ్ ఆల్బమ్ చేశాడు. 1978లో పండిట్ రవిశంకర్‌తో ‘ఈస్ట్ గ్రీట్స్ ఈస్ట్’లో వాయించాడు. తబలా తాళం మీద షకుహాచి నడవడం వింటే బాగుంటుంది. కానీ అక్కడ వినిపించేది ఒంటరి భిక్షువు కాదు, సభలో కూర్చున్న విద్వాంసుడు.

పెద్ద విద్వాంసులు విదేశీ శిష్యుల్ని చేరదీయడంతో జపాన్ బయట కూడా గురువులు తయారయ్యారు. అమెరికన్ రైలీ లీ 1980లో మహాగురు స్థాయి పట్టా పొందాడు. జపాన్ పౌరుడు కానివారిలో ఆ పట్టా మొదటగా అందుకున్నది ఆయనే. అంతర్జాతీయ షకుహాచి ఉత్సవం 1994లో ఒకయామా ప్రాంతంలోని బిసెయి పల్లెలో మొదలై, బౌల్డర్, న్యూయార్క్, సిడ్నీ, క్యోటో, లండన్ నగరాలు తిరిగింది. ఒకప్పుడు సమురాయ్ మగవారికే పరిమితమైన పాటలు ఇవాళ ఆ వేదికల మీద మహిళలూ వాయిస్తున్నారు.

కీబోర్డులో 78

షకుహాచి మన ఇళ్లకూ ఎప్పుడో వచ్చింది. పిల్లలకు కొనిచ్చే ఎలక్ట్రానిక్ కీబోర్డుల్లో చాలావాటిలో జనరల్ మిడి అనే ప్రమాణం ఉంటుంది. అందులో 128 వాద్యాల జాబితాలో 78వ నంబరు షకుహాచి. దాని ముందున్న 77 ఏమిటో తెలుసా? సీసా మూతి మీద ఊదిన శబ్దం. 1986లో పీటర్ గాబ్రియేల్ ‘స్లెడ్జ్‌హామర్’ పాట మొదట్లో వచ్చే వెదురు స్వరం ఇలాంటి ఎలక్ట్రానిక్ నమూనాయే. ఆ తర్వాత అది సినిమా నేపథ్య సంగీతానికి రెడీమేడ్ సరుకైంది. కొండ మీద మంచు, యోధుడి కళ్లు, పాత గుడి కనిపిస్తే చాలు, ఆ గాలి శబ్దం వినిపిస్తుంది.

మీట నొక్కితే వచ్చే ఈ షకుహాచి శబ్దం అచ్చు అసలుదే. అయినా తేడా అర నిమిషంలో తెలిసిపోతుంది. ఆ నమూనాకు ఊపిరి అయిపోదు. పీల్చుకోవాల్సిన అవసరం లేదు కాబట్టి ఆగదు. ఆగదు కాబట్టి పలుకుకు మొదలూ చివరా ఉండవు. ప్రతిసారీ ఒకే గాలి, ఒకే వణుకు. కొముసో భిక్షువు నుంచి వతజుమి దాకా, తొజాన్ నుంచి తకెమిత్సు దాకా ఎవరెంత కొట్లాడుకున్నా, ఎవరి కోసం వాయించినా, ఆ గాలి ఒక మనిషి ఛాతీలోంచే వచ్చింది. శాఖ రద్దయినా, వేదిక మారినా, స్వరలిపి మారినా కొలత మారలేదు. వినేవాళ్లు వచ్చి కూర్చున్నా ఈ సంగీతం చెడకుండా నిలబడింది అందుకే. సభ నిండిపోయినా, ఊదేవాడి ఊపిరిని ఇంకో క్షణం పొడిగించే శక్తి ఆ చప్పట్లకు లేదు కదా!

వినాలనుకుంటే...

మొదట గోరో యమగుచి 1969 ఆల్బమ్ ‘ఎ బెల్ రింగింగ్ ఇన్ ది ఎంప్టీ స్కై’. ఇందులో సారసపక్షుల పాట పూర్తిగా ఉంది. కింకో సంప్రదాయం ఎంత నిదానమో తెలుస్తుంది.

తర్వాత కొహాచిరో మియతా 1977 ఆల్బమ్ ‘షకుహాచి: ది జపనీస్ ఫ్లూట్’. వేర్వేరు పాటలు ఒకేచోట వినొచ్చు.

యొకొయామా కత్సుయా వాయించిన హోంక్యోకులు. అవి విన్నాక ‘నవంబర్ స్టెప్స్’ పెట్టుకుంటే ఆర్కెస్ట్రా ఎందుకు పక్కకు తప్పుకుందో బోధపడుతుంది.

వతజుమి దోసోను చివరికి ఉంచుకోండి. మొదటే వింటే గాలి తప్ప ఏమీ వినపడదు. పై మూడూ విన్నాక ఆ గాలే పాటని తెలుస్తుంది.

ఏది విన్నా పని చేసుకుంటూ వినొద్దు. ఒక్క పాటకైనా, ఊదే మనిషి ఊపిరి పీల్చినప్పుడు మీరూ పీల్చి, వదిలినప్పుడు మీరూ వదిలి చూడండి. మూడో పలుకుకే మీ ఊపిరి ముందు అయిపోతుంది. ఆ ఎనిమిదేళ్ల సాధన దేనికో అప్పుడు తెలుస్తుంది.